పేరు నిలబెట్టినవాళ్లు

2009 జనవరి 7, బుధవారం. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి. రామలింగరాజు తమ బోర్డుకు రాసిన ఉత్తరం ఆ ఉదయం స్టాక్ ఎక్స్ఛేంజీలకు చేరింది. లెక్కల పుస్తకాల్లో కనిపిస్తున్న సొమ్ములో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో ఉంది. ఏళ్ల తరబడి లాభాలు పెంచి చూపుతూ వచ్చామని, ఇక ఆ తేడాను పూడ్చే దారి లేదని ఆయన ఒప్పుకున్నారు. ముందురోజు 180 రూపాయల దరిదాపుల్లో ఉన్న షేరు సాయంత్రానికి 40కి పడిపోయింది. మాదాపూర్‌లోనూ బహదూర్‌పల్లిలోనూ పనిలో ఉన్న ఉద్యోగులకు ఆ కబురు లోకానికంతటికీ తెలిసినట్టే టీవీల్లో తెలిసింది. అప్పటికి ఆ సంస్థలో సుమారు 53,000 మంది ఉన్నారు. ఆరేళ్ల తర్వాత కోర్టు దోషులని తేల్చింది పదిమందిని. మచ్చ మాత్రం ఆ రోజే అందరికీ అంటింది.

ఇప్పుడు కాలేజీల్లో ఉన్న పిల్లలకు ఆ సంస్థ పేరు పెద్దగా తెలియకపోవచ్చు. వాళ్ల అమ్మానాన్నలను అడిగితే చెబుతారు. కోస్తాలోనూ తెలంగాణలోనూ సీమలోనూ ఇంజినీరింగు చదివిన పిల్లవాడికి అందులో ఉద్యోగం వచ్చిందంటే వీధంతా చెప్పుకునేవాళ్లు. పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు ఆ ఒక్క మాటతో సగం విచారణ ముగిసేది. 1987లో హైదరాబాదులో మొదలై, 2001లో న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజీ దాకా వెళ్లిన సంస్థ అది. 2008 సెప్టెంబరులో, అంటే ఉత్తరానికి దాదాపు నాలుగు నెలల ముందు, సంస్థను చక్కగా నడుపుతున్నందుకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా అందుకుంది. తర్వాత ఆ అవార్డును ఇచ్చినవాళ్లే వెనక్కి తీసుకున్నారు. బయట పేరు అంత ఎత్తున ఉన్న రోజుల్లోనే లోపల లెక్కలు అంత లోతున కుళ్లి ఉన్నాయి. పేరును కాపాడుకోవడం అంటే సన్మానాలు, ఫొటోలు, ప్రకటనలు అనుకునేవాళ్లకు ఆ నాలుగు నెలల తేడా చాలు.

ఈ కుంభకోణం మీద పుస్తకాలు వచ్చాయి, డాక్యుమెంటరీలు వచ్చాయి. అన్నింట్లోనూ పేరు పోగొట్టినవారి కథే పెద్దది. ఆ పేరును మళ్లీ ఎత్తి నిలబెట్టినవాళ్ల గురించి మాట్లాడుకున్నది తక్కువ. ఈ రోజు చెప్పుకోవాలనుకుంటున్నది వాళ్ల గురించే.

కేంద్రం ఆ రోజుల్లో మీనమేషాలు లెక్కపెట్టలేదు. ఉత్తరం బయటపడిన నాలుగైదు రోజుల్లోనే పాత బోర్డును తప్పించి దీపక్ పారెఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లను నియమించింది. ఆ వారంలోనే తరుణ్ దాస్, టి.ఎన్. మనోహరన్, ఎస్.బి. మైనక్ చేరారు. వాళ్లు అడుగుపెట్టేసరికి ఏ లెక్క నిజమో ఏది అబద్ధమో చెప్పగలిగే కాగితం ఒక్కటీ లేదు. చేతిలో డబ్బు లేదు. నెలాఖరు మాత్రం దగ్గరపడుతోంది. 53,000 ఇళ్లు జీతం కోసం ఎదురుచూస్తున్నాయి.

అప్పుడు వాళ్లు పేరు గురించి మాట్లాడకుండా పని గురించి ఆలోచించారు. ముందు జీతాలు పడాలి. తర్వాత ఖాతాదారుల దగ్గర సేవలు ఒక్క గంట కూడా ఆగకూడదు. ఆ తర్వాతే ఏదైనా. వచ్చే బకాయిలు వసూలు చేసుకుని, బ్యాంకుల నుంచి రూ.600 కోట్ల అప్పు తెచ్చి జీతాలిచ్చారు. ఫిబ్రవరిలో సీఈఓగా పైనుంచి ఎవరినో దింపకుండా, అదే సంస్థలో ఏళ్ల తరబడి పనిచేసిన ఎ.ఎస్. మూర్తిని కూర్చోబెట్టారు. ఈ నిర్ణయం గొప్పది. మీలో అందరూ దొంగలు కారు, మీలో ఒకరిని నమ్ముతున్నాం అని ఉద్యోగులకు చెప్పడానికి అంతకంటే సూటి మార్గం లేదు. కొత్త యజమాని కోసం పోటీ పెట్టి, ఏప్రిల్ 13న టెక్ మహీంద్రాకు షేరు రూ.58 చొప్పున అప్పగించారు. ఉత్తరానికీ దానికీ మధ్య మూడు నెలల పైచిలుకు కాలం. ఇంత పెద్ద సంస్థ కూలిపోకుండా చేతులు మారడానికి అది చాలా తక్కువ వ్యవధి.

బోర్డును అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవలసిందే. కానీ బోర్డు ఎన్ని సమావేశాలు పెట్టినా, అర్ధరాత్రి అమెరికాలో ఒక బ్యాంకు సర్వరు ఆగిపోతే లేచి సరిచేసేది హైదరాబాదులోని ఓ మామూలు ఇంజినీరు. ఆ ఇంజినీరు తన పీఎఫ్ ఉందో లేదో తెలియని స్థితిలో, ఇంటి అప్పు వాయిదా ఎలా కట్టాలో తెలియని స్థితిలో, వచ్చే నెల ఈ కుర్చీ ఉంటుందో లేదో తెలియని స్థితిలో ఆ పని చేశారు. అది 2008 మాంద్యం తర్వాతి కాలం. బయట ఉద్యోగాలు లేవు. పక్క కంపెనీకి వెళ్దామన్నా బయోడేటాలో ఆ సంస్థ పేరు చూడగానే ఎదుటివారి ముఖం మారేది. ఇంట్లో పెద్దలు, బంధువులు ఫోన్ చేసి పరామర్శలాంటి ప్రశ్నలు వేసేవారు. వాటికి జవాబు చెప్పుకుంటూనే వాళ్లు షిఫ్టులకు వెళ్లారు. కొందరు ఖాతాదారులు వెళ్లిపోయారు, చాలామంది ఉండిపోయారు. వాళ్లు ఉండిపోయింది సంస్థ క్షమాపణ చదివి కాదు. తమ పని ఆగలేదు కాబట్టి.

2010లో దక్షిణాఫ్రికాలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగినప్పుడు మైదానం చుట్టూ ప్రకటనల పలకల మీద మహీంద్రా సత్యం అన్న ఆ సంస్థ కొత్త పేరు కనిపించింది. ఆ ఒప్పందం కుంభకోణానికి ముందే కుదిరినది. ఏడాదిన్నర కింద మూతపడుతుందనుకున్న సంస్థ, ప్రపంచమంతా చూస్తున్న పోటీలకు కంప్యూటర్ సేవలందించింది. ఆ పలక మీద పేరు నిలవడానికి అసలు కారకులు ఎవరో ప్రేక్షకులకు తెలియదు. ఇక్కడి ఇళ్లకు తెలుసు.

పేరు నిలబెట్టడానికి చెల్లించిన మూల్యంలో పెద్ద వాటా కూడా వాళ్లదే. 2009 జూన్‌లో కొత్త యాజమాన్యం పని లేని వేలమందిని ఇంటి దగ్గర ఉండమంది. వాళ్లకు మూల వేతనం, పీఎఫ్, వైద్యబీమా లాంటివి మాత్రం మిగిలాయి. ఒక్కసారిగా తీసేయడం కంటే అది మేలైన పద్ధతే. కాదనలేం. అయినా ఇంటి అద్దె, పిల్లల ఫీజు మూల వేతనంతో గడవవు. లెక్కలు తప్పుగా రాసింది ఒకరు, ఇంటి ఖర్చు లెక్క మళ్లీ రాసుకోవలసి వచ్చింది మరొకరు. ఎక్కడ ఏ సంస్థ పరువు పోయినా ఇదే జరుగుతుంది. ఒక బ్యాంకు మేనేజరు చేసిన మోసానికి కౌంటరులో కూర్చున్న గుమస్తా జనం మాటలు పడతాడు. ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లుల మీద ఆరోపణ వస్తే రాత్రి డ్యూటీ నర్సు రోగి బంధువుల కోపం భరిస్తుంది. వాళ్ల పట్ల మనం కొంచెం మెత్తగా ఉండగలిగితే, ఆ సంస్థ బాగుపడే దారి మిగులుతుంది. మంచివాళ్లంతా తలవంచుకుని వెళ్లిపోతే అక్కడ మిగిలేది ఎవరు?

ఇదే కథలో ఇంకో సంగతి ఉంది. దాని గురించి ఇంకా తక్కువ చెప్పుకున్నారు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ ఈ రాజు గారి కుటుంబం చేయూతతో పుట్టినదే. ఉత్తరం బయటపడ్డాక ఆ సేవ మీదా అనుమానపు చూపు పడింది. అంబులెన్సులు మాత్రం ఆగలేదు. రోడ్డు మీద ప్రమాదం జరిగితే, పల్లెలో నొప్పులు మొదలైతే, ఫోన్ చేసినవాళ్లు సంస్థ స్థాపకుడెవరని అడగలేదు. బండి వచ్చిందా లేదా అని చూశారు. 2009లోనే జీవీకే గ్రూపు ఆ సేవ బాధ్యత తీసుకుంది, ప్రభుత్వాల సాయం కొనసాగింది, మరిన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. ఇంతటి తుపానులో కూడా 108 అన్న అంకె మీద జనానికి నమ్మకం చెదరలేదంటే ఆ ఘనత డ్రైవర్లది, బండిలో ఉండే వైద్య సిబ్బందిది, కాల్ సెంటరులో ఫోనెత్తినవాళ్లది.

పరువు మరమ్మతు ఇప్పుడొక వ్యాపారం. చెడు వార్తలు ఇంటర్నెట్ వెతుకులాటలో వెనక్కి పోయేలా చేస్తామని, మంచి మాటలు రాయిస్తామని, నక్షత్రాలు పెంచుతామని కంపెనీలు తిరుగుతున్నాయి. నాయకులకూ ఒక నమూనా క్షమాపణ అలవాటైంది. ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే చింతిస్తున్నామంటారు. ఎవరి మనసు, దేనివల్ల, ఎంత దెబ్బతిన్నదో అందులో ఉండదు. చేసిన తప్పేమిటో చెప్పకుండా వేడుకునే క్షమ దెబ్బతిన్నవాళ్లకు అందదు. సత్యం విషయంలో 2010 సెప్టెంబరు 29న కొత్త యాజమాన్యం చేసిన పని దీనికి పూర్తిగా వేరు. లెక్కలన్నీ తిరగరాసి, దాచిన రంధ్రాలన్నీ చూపించి, భారీ నష్టాన్ని బయటపెట్టింది. ఆ అంకెలు సంస్థకు ఇబ్బందికరమే. అమెరికాలో వాటాదారుల దావాను 2011లో 12.5 కోట్ల డాలర్లిచ్చి పరిష్కరించుకుంది. నష్టపోయినవారి చేతికి కొంతైనా తిరిగి అందింది. తప్పు చేసిన సంస్థకు పేరు తిరిగి రావాలంటే నిజమైన అంకె బయటికి రావాలి, నష్టపోయినవాడికి సొమ్ము చేరాలి, ఆ కుర్చీలో ఉన్నవారు దిగాలి. ఈ మూడూ జరిగాక మాత్రమే ప్రకటనలు రాసేవాళ్లను పిలుచుకోవచ్చు.

2013లో సత్యం టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. ఆ పేరు సంస్థల జాబితాల్లోంచి మాయమైంది. అదే ఏడాది వచ్చిన కంపెనీల చట్టంలో ఒకే ఆడిట్ సంస్థ ఏళ్ల తరబడి కొనసాగకుండా గడువు పెట్టారు, వాటాదారులంతా కలిసి దావా వేసే హక్కు ఇచ్చారు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చి రాజు గారికి ఏడేళ్ల శిక్ష, రూ.5 కోట్ల జరిమానా వేసింది. అప్పీలులో శిక్ష అమలు నిలిచి, బెయిలు వచ్చింది.

ఇంతవరకూ చెప్పింది తప్పు జరిగిన చోటు సంగతి. ఏ తప్పూ లేని మనిషి పేరు చెడితే? అప్పుడు ఈ సూత్రాలేవీ పనిచేయవు. ఒప్పుకోవడానికి తప్పు లేదు, తిరిగివ్వడానికి సొమ్ము లేదు, దిగడానికి కుర్చీ కూడా ముందే లాక్కుని ఉంటారు. ఆ మనిషి ఎంత పనిచేసి చూపించినా చాలదు. ఎందుకంటే అక్కడ పేరు బాగుచేయవలసింది అతను కాదు, చెడగొట్టినవాళ్లు.

ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను 1994 నవంబరు 30న కేరళ పోలీసులు అరెస్టు చేశారు. రాకెట్ల రహస్యాలు విదేశాలకు అమ్మారన్నది ఆరోపణ. 50 రోజులు నిర్బంధంలో ఉన్నారు. ఆ రోజుల్లో పత్రికలు రాసిన రాతలు ఇప్పుడు చదివితే తల దించుకోవాలనిపిస్తుంది. మాల్దీవుల స్త్రీలు, డబ్బు సంచులు, రహస్య పత్రాలు అంటూ సినిమా కథలాగా అల్లారు. 1996లోనే సీబీఐ ఆ కేసు అబద్ధమని కోర్టుకు చెప్పింది. 1998లో సుప్రీంకోర్టు తిరిగి దర్యాప్తు చేయాలన్న కేరళ ప్రభుత్వ ప్రయత్నాన్ని కొట్టేసింది. అంతటితో ఆయన పేరు ఆయనకు తిరిగి వచ్చేయాలి కదా. రాలేదు. అరెస్టయినప్పుడు నెలల తరబడి మొదటి పేజీలో నడిచిన కథ, అది అబద్ధమని తేలాక అంత చోటుకు నోచుకోలేదు. జనం నోట్లో మిగిలింది పాత కథే.

ఆయన ఊరుకోలేదు. తనను విడిచిపెట్టడం ఒక్కటే చాలదని, తప్పుడు కేసు పెట్టినందుకు జవాబు కావాలని కోర్టుల చుట్టూ తిరిగారు. 2018 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఆ అరెస్టు అనవసరమని తేల్చి, రూ.50 లక్షల పరిహారం ఇవ్వాలని, బాధ్యులైన అధికారుల పాత్ర తేల్చడానికి జస్టిస్ డి.కె. జైన్ కమిటీ వేయాలని చెప్పింది. 2019లో పద్మభూషణ్ వచ్చింది. 2020లో కేరళ ప్రభుత్వం ఇంకో రూ.1.3 కోట్లు ఇచ్చింది. సీబీఐ అబద్ధమని చెప్పిన నాటికీ సుప్రీంకోర్టు తీర్పుకూ మధ్య 22 ఏళ్లు. క్రయోజెనిక్ ఇంజిను మీద పనిచేస్తున్న నిపుణుడి నుంచి దేశం కోల్పోయిన ఏళ్లు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. ఆయనకు న్యాయవాదులు దొరికారు, ఓపిక ఉంది, ఆయుష్షు కలిసొచ్చింది. అదే కేసులో నిందపడిన మిగతావారికి, మాల్దీవుల ఆడవాళ్లతో సహా, పద్మభూషణ్‌లు రాలేదు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు మన పెద్దలు. ఎన్నో సామెతలు మనల్ని కాపాడాయి గానీ, ఈ ఒక్కటి మాత్రం చాలా ఇళ్ల ఉసురు తీసింది. దొంగతనం నెపం మోసిన పనిమనిషి, పరీక్షా పత్రం లీకు చేశాడన్న అనుమానం పడిన పంతులు, అప్పు ఎగ్గొట్టాడని వాట్సాప్‌లో ఫొటో తిరిగిన చిన్న వ్యాపారి, వీళ్లందరినీ నిర్దోషులని తేలాక కూడా వెంటాడేది ఈ సామెతే. పొగ ఎవరైనా పెట్టవచ్చు. ఈ రోజుల్లో అయితే మనిషి ముఖాన్నీ గొంతునూ కూడా తయారుచేసి పెట్టవచ్చు.

చట్టం ఏం చేస్తుందని అడిగితే, కొంత చేస్తుంది. పరువు కూడా జీవించే హక్కులో భాగమని 2016 మే 13న సుప్రీంకోర్టు చెప్పింది, పరువునష్టాన్ని నేరంగా ఉంచడం రాజ్యాంగబద్ధమేనంది. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షన్. రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా సమాజ సేవ. కానీ ఈ సెక్షన్‌ను వాడుకునేది ఎక్కువగా ఎవరో చూస్తూనే ఉన్నాం. పేరూ బలమూ ఉన్నవాళ్లు ప్రశ్నించిన విలేకరి మీదా కార్యకర్త మీదా వేస్తారు. నంద్యాల సందులో టైలరుకు, ఖమ్మం అద్దె ఇంట్లో ఉన్న ట్యూషన్ మాస్టారుకు పోయిన పేరు కోసం కోర్టు మెట్లెక్కే స్తోమతు ఎక్కడిది? పరువును కాపాడే చట్టం బలవంతుడి చేతిలో నోరు నొక్కే సాధనం కావడం మనసుకు బాధ కలిగించే విషయం.

అందుకే ఆ టైలరు పేరు, ఆ మాస్టారు పేరు కాపాడే బాధ్యత మొదట పోలీసులది, ఆ వెంటనే మాది, పత్రికలది. ముఖానికి నల్ల ముసుగు వేసి, వరసగా నిలబెట్టి, ముందు స్వాధీనం చేసుకున్న వస్తువులు పరిచి పెట్టే ప్రెస్‌మీట్లు మన రెండు రాష్ట్రాల్లో నిత్యకృత్యం. ముసుగు వేసినంత మాత్రాన ఊళ్లో ఎవరో తెలియకుండా పోదు. తండ్రి పేరు, ఊరి పేరు, కులం దాకా ప్రకటనలోనే ఉంటాయి. పోలీసులు విలేకరులకు వివరాలు చెప్పే తీరు మీద సమగ్రమైన నియమావళి తయారుచేయాలని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖకు చెప్పింది. కాగితం మీద నియమం వచ్చినా, జిల్లా కేంద్రంలో సాయంత్రం నాలుగింటి ప్రెస్‌మీట్ మారితే తప్ప పేదవాడికి ఉపయోగం లేదు.

పత్రికలకు ప్రెస్ కౌన్సిల్ నియమాలున్నాయి. తప్పు పడితే తగిన ప్రాధాన్యంతో సవరణ వేయాలని అవి చెబుతాయి. నిర్దోషిగా విడుదలైనవారి విషయంలో అంతకంటే ఒకడుగు ముందుకు వెళ్లాలి, వెళ్లగలం. అరెస్టుల ప్రకటన ఎస్పీ కార్యాలయాల నుంచి రోజూ వస్తుంది. కోర్టు కొట్టేసిన కేసుల జాబితా రావడం మనం చూడం. ఆ జాబితా నెలకోసారైనా రావాలి. అరెస్టు వార్త ఏ జిల్లా ఎడిషన్‌లో ఏ పేజీలో వేశామో, ఈ వార్త అదే ఎడిషన్‌లో అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో పడాలి. అయితే ముందు ఆ మనిషిని అడగాలి. మరచిపోయిన సంగతి మళ్లీ ఎందుకు రేపుతారని అనుకునేవాళ్లుంటారు, ఆడపిల్లల పెళ్లిళ్లు కుదరవలసిన ఇళ్లుంటాయి. వద్దంటే వేయకూడదు. కావాలంటే మాత్రం చోటు లేదనకూడదు. ఇక వెబ్‌సైట్లలో ఏళ్ల తరబడి పడి ఉండే పాత అరెస్టు వార్తల సంగతి ఉంది. ఆ పేరుతో ఎవరు వెతికినా ముందుగా కనిపించేది అవే. వాటి పైభాగంలోనే, చదివేవాడి కళ్లకు మొదట పడేలా, కోర్టు ఫలానా తేదీన ఈయనను నిర్దోషిగా విడుదల చేసిందని ఒక వాక్యం చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. తీర్పు కాపీ తెచ్చి చూపించమని ఆయననే తిప్పుకోకుండా, ఆ కోర్టు వార్తలు చూసే విలేకరే తెలుసుకుని చేర్చాలి.